చెంచాడు కొత్తిమీర పచ్చడి

మా ఫ్రిజ్ తలుపు మీద ఒకప్పుడు మా అమ్మాయి గీసిన బొమ్మలుండేవి, ఆ తరవాత చాలాకాలం గుడివాళ్ళిచ్చిన క్యాలెండరు ఉండేది, ఇప్పుడు అదే అమ్మాయి పెద్దదై అంటించిన పట్టిక ఒకటుంది. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు, మెంతికూర, వాటి సరసనే పార్స్లీ అనే దొరల ఆకు, దేంట్లో ఎంత ఇనుముందో, ఎంత సి విటమిన్ ఉందో, ఎంత కె విటమిన్ ఉందో గళ్ళు గీసి మరీ ప్రింట్ చేసి, ఆ కె విటమిన్ గళ్ళకి మాత్రం ఎర్ర రంగు వేసింది. పొద్దున్నే కాఫీకి పాలు తీద్దామని వెళ్ళినప్పుడల్లా ఆ ఎరుపు కంటబడి నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సంగతేమిటంటే, మొన్న చలికాలంలో మావారికి గుండెలో కవాటం మార్చారు. అప్పట్నుంచీ రక్తం పల్చబడే మాత్ర రోజూ వేసుకోవాలి, జన్మంతా వేసుకోవాలి. ఆకుల్లో ఉండే కె విటమిన్ ఆ మాత్రకి అడ్డు తగులుతుందని ఎక్కడో చదివి, మా అమ్మాయి పక్క ఊరు కాపెల్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చి, నా ఫ్రిజ్‌లో ఆకన్నది లేకుండా ఊడ్చి పారేసింది. కరివేపాకుతో సహా! కరివేపాకు లేని పోపూ, కొత్తిమీర లేని చారూ ఎక్కడైనా ఉంటాయటండీ? గుడ్డు వచ్చి పిల్లని వెక్కిరించినట్టు, నా వంటింట్లో ఏం వండాలో అది నాకు చెప్పడం ఒక ఎత్తయితే, ఆయన తిండి మానేయడం ఇంకో ఎత్తు. కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి, ఆకలి లేదంటూ లేచిపోయేవారు. చొక్కాలు వదులైపోయాయి, మెడ దగ్గర ఎముకలు తేలాయి, మనిషి రోజురోజుకీ నా కళ్ళముందే కరిగిపోతున్నారు. నోరు తెరిచి అడిగింది ఒకే ఒక్కటి, కాస్త కొత్తిమీర పచ్చడి. "నో నాన్నా, నో! బ్లడ్ క్లాట్ అయితే?" అంది మా అమ్మాయి. ఆయన ఇంత మజ్జిగ తాగి పడుకున్నారు. అంత మనిషిని చిన్నపిల్లాణ్ణి అదిలించినట్టు అదిలిస్తే నా ఒళ్ళు మండదూ?

అయినా ఆ పచ్చడికీ ఆయనకీ ఉన్న సంబంధం దానికేం తెలుసు, అప్పటికది పుట్టనైనా లేదు. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో, మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మా ఈ ఇర్వింగ్ ఊళ్ళో ఇప్పటిలా అడుగడుగునా ఇండియన్ కొట్లు ఎక్కడివి? ఉన్న ఒక్క కొట్టూ చాలా దూరం, నాకేమో డ్రైవింగ్ రాదు, ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. పగలంతా అపార్ట్‌మెంట్‌లో గోడలు చూస్తూ కూర్చుని, ఆయన వచ్చాక ఆయన మొహం చూసి ఏడవడం, అదే నా దినచర్య. ఒకనాడు మాత్రం ధైర్యం చేసి, నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న అమెరికన్ షాపుకి వెళితే, అక్కడ నీళ్ళు చిలకరించి పెట్టిన పచ్చని ఆకు కట్టలు కనబడి నా ప్రాణం లేచొచ్చింది. కొత్తిమీర! రెండు కట్టలు తెచ్చి, కడిగి, పచ్చిమిరపకాయలు మగ్గబెట్టి, చింతపండు వేసి బ్లెండర్‌లో తిప్పి, ఇంగువ పోపు పెట్టి, ఆయన రాగానే వేడన్నంలో వడ్డించాను. ఆకు కాస్త మందంగా ఉందే అని అనుమానం రాకపోలేదు గానీ, అప్పుడు నాకు జలుబు, ముక్కూ నాలుకా రెండూ పనిచేయడం లేదు, ఈ నేల గుణం ఇంతేనేమోలే అనుకున్నాను. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగి, నా మొహంలోకి చూసి, బావుందన్నారు. గిన్నె ఖాళీ చేసేదాకా లేవలేదు. ఆ సంబరంలో నేను మర్నాడు కూడా అదే చేశాను, పిచ్చిదాన్ని.

ఆ రెండో రోజే, కింద ఇంట్లో ఉండే తెలుగావిడ పలకరించడానికొచ్చి, మిగిలిన ఆకు చూసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఇది కొత్తిమీర కాదమ్మాయ్, పార్స్లీ, కొనేముందు గిల్లి వాసన చూసుకోవాలని చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆయన్ని నిలదీస్తే, మొదటి ముద్దకే తెలిసిందట. మరెందుకు చెప్పలేదూ అంటే, ఈ దేశం వచ్చాక నువ్వు నవ్వుతూ వడ్డించడం అదే మొదటిసారి, ఎలా చెప్పమంటావన్నారు. కోపమొచ్చి రెండ్రోజులు మాట్లాడలేదు లెండి, అది వేరే సంగతి.

అలాంటి మనిషికి చెంచాడు పచ్చడి పెట్టలేని బతుకూ ఒక బతుకేనా అని, మొన్న రక్తపరీక్షకి వెళ్ళినప్పుడు, అమ్మాయి పక్కనుండగానే, నాకొచ్చిన ఇంగ్లీషులోనే ఆ నర్సుని అడిగేశాను. ఆవిడ నావంక వింతగా చూసింది. ఆకులు అసలు మానక్కర్లేదట, రోజూ ఒకే కొలతలో తింటే దానికి తగ్గట్టు మాత్ర మోతాదు వాళ్ళే సర్దుతారట, ఉన్నట్టుండి మానేయడమూ, ఉన్నట్టుండి ఎక్కువ తినడమూ, ఇవే ప్రమాదమట. వింటిరా? ఇన్నాళ్ళూ ఆయన్ని మాడ్చింది ఇందుకా! కారెక్కాక నోటికొచ్చినట్టల్లా తిట్టాను. నీ చదువు తగలెయ్యా, ఆ గళ్ళు నింపేముందు ఒక్క ఫోన్ చేసి కనుక్కోలేకపోయావా అన్నాను. అది స్టీరింగ్ పట్టుకుని ఏడ్చింది. "నాకు భయం వేసింది అమ్మా, నాన్న లేకపోతే అని" అంది. అయినా నా కోపం చల్లారలేదు.

మమ్మల్ని ఇంటిదగ్గర దింపి, తనే షాపుకి వెళ్ళి ఆకు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. చూద్దును కదా, పార్స్లీ! కొత్తిమీర కన్నా పార్స్లీలో కె విటమిన్ కొన్ని రెట్లు ఎక్కువని ఎర్ర గళ్ళలో వేసింది తనే, పట్టికంతా కంఠస్థం, చేతిలో ఉన్నదేదో మాత్రం తెలీదు! ఇల్లెగిరిపోయేలా అరుద్దామని నేను నోరు తెరిచేలోపు, మావారు లేచొచ్చి ఒక ఆకు గిల్లి, వాసన చూసి, పకపకా నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

"ఈ పచ్చడి నేను తిన్నాను" అన్నారు.

ఇంకేం అరుస్తాను. మా అమ్మాయి తెల్లమొహం వేసి "వాట్? ఏంటి జోక్?" అంటుంటే, చేసిన ఘనకార్యం నా నోటితో నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ తరవాత దాన్ని వెంటబెట్టుకుని ఇండియన్ కొట్టుకి వెళ్ళాను, గిల్లించి, వాసన చూపించాను. కళ్ళు మూసుకుని, "ఇది మన ఇల్లు వాసన" అంది దాని ముద్దు తెలుగులో. ఇంతకాలం ఈ వాసనలో పెరిగిన పిల్ల, ఆకుని గిల్లి వాసన చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

పచ్చడి నూరి, నర్సుకి ఫోన్ చేసి కొలత కూడా ఖాయం చేయించుకుని వడ్డించాను. రోజుకి ఒక్క చెంచా. ఆయన ఆ కాస్తనీ అన్నమంతటికీ సర్దుకుని, ముద్ద ముద్దకీ ఆగుతూ తిన్నారు. కొత్తిమీర మొహం చూడ్డమే గగనమైన ఆ రోజుల్లో, కొత్తిమీర కాదని తెలిసి కూడా నాకోసం గిన్నెడు తిన్న మనిషి. ఇవాళ ఊరినిండా కొత్తిమీరే, ఆయనకి మాత్రం చెంచాడు. ఇక ఈ కోపం ఎవరి మీద చూపించను? ఖాళీ కంచం ముందు కూర్చుని ఆయన పచ్చడి గిన్నె వంకే చూస్తున్నారు, దానిమీద మూత పెట్టడానికి నాకు చెయ్యాడలేదు.