టోకెన్ తీసుకుని కూర్చున్న డాక్టరు

నల్లగండ్లలో చక్కగా నడుస్తున్న ఒక క్లినిక్కును ఒక్క పూటలో దాదాపు ముంచేసిన మనిషి ఒకరున్నారు. ట్రెజరీ ఆఫీసులో జీవితమంతా పనిచేసి, గోడ గడియారాన్ని కూడా నమ్మక రోజూ తన వాచీతో సరిచూసే ఆవిడ. పేరు అడక్కండి. ఈ ముక్కలు రాస్తున్నది ఆవిడే.

నేను రిటైరైన ఏడాదే మా అపార్టుమెంటు కింది అంతస్తులో డాక్టర్ శ్రావణి క్లినిక్కు తెరిచింది. "పిన్నిగారూ, మందులు నేను రాస్తాను, మనుషుల్ని మీరు చూసుకోండి" అంది. ఎవరితో అంటోందో ఒక్కసారి ఆలోచించుకోవాల్సింది పాపం.

మా చుట్టూ అందరూ కంప్యూటరు ఉద్యోగులే. వాళ్ళ జ్వరాలను తట్టుకోవచ్చు కానీ వాళ్ళ మీటింగులను తట్టుకోలేం. "ఆంటీ, పది నిమిషాల్లో కాల్ ఉంది", "ఒక్క రిపోర్టు చూపించి వచ్చేస్తా" అంటూ గుమ్మంలోంచే నేరుగా డాక్టరు గదిలోకి జారిపోయేవారు. నేను వారంలో వాళ్ళని దారిలో పెట్టాను. రాగానే టోకెన్, తర్వాత బరువు, తర్వాత బీపీ, ఆపైన కుర్చీ. ఫోను మోగకూడదు. మినహాయింపుల్లేవు. మావారు గుండెల్లో మంటని పరిగెత్తుకొస్తే ఆయనకూ టోకెన్ ఇచ్చాను. అది గోంగూర మంటని తర్వాత తేలిందనుకోండి.

ఒక శనివారం శ్రావణి నన్ను లోపలికి పిలిచింది. "పిన్నిగారూ, ఇవాళ మా పాప బడిలో మొదటిసారి స్టేజీ మీద డాన్సు చేస్తోంది. పదకొండింటికి నేనక్కడ ఉండాలి. నా బదులు కొత్త డాక్టరు వస్తాడు. రాగానే లోపలికి పంపండి. ఆయన వస్తే గానీ నేను కదల్లేను. రానంటే పాప నాతో మాట్లాడదు."

"నాకొదిలెయ్యమ్మా" అన్నాను. అన్నానా, అక్కడితో అయిపోయింది.

డాక్టరంటే నా మనసులో ఒక బొమ్మ ఉంది. నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, మెడలో స్టెతస్కోపు. ఆ బొమ్మ కోసం నేను గుమ్మం వైపు చూస్తుంటే, టీషర్టు వేసుకుని వీపుకి బ్యాగు తగిలించుకున్న కుర్రాడొకడు నాకు అడ్డంగా వచ్చాడు.

"నమస్తే అమ్మా. డాక్టర్ గారు నన్ను రమ్మన్నారు."

"అందర్నీ రమ్మనేది ఆవిడే నాయనా, కూర్చోబెట్టేది నేను. టోకెన్ తీసుకో."

తీసుకున్నాడు. బరువు మిషను ఎక్కమంటే ఎక్కాడు. నర్సు మంజుల బీపీ చూసి, "జర ఎక్కువున్నది అన్నా, ఏం ఫికర్ వెట్టుకున్నవు?" అంది. పాపం నవ్వి ఊరుకున్నాడు. ఇంత మర్యాదస్తుడైన పేషెంటును నేనెప్పుడూ చూడలేదు. పక్కవాళ్ళకు ఆదర్శంగా చూపించాను కూడా.

కాసేపటికి లేచి వచ్చాడు. "అమ్మా, నేను లోపలికి వెళ్తే డాక్టర్ గారికి కాస్త తేలికవుతుంది."

"తాము ముందు వెళ్తే డాక్టరుకు తేలికని ఇక్కడ ప్రతివాళ్ళూ అంటారు. కూర్చో."

లోపలి నుంచి శ్రావణి గొంతు వినిపించింది. "పిన్నిగారూ, వచ్చాడా?"

"ఇంకా లేదమ్మా. ఈ కాలం డాక్టర్లకు టైమంటే లెక్కలేదు."

"ఫోను రింగవుతోంది, ఎత్తడం లేదండీ."

సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడి బ్యాగు తుమ్మెదలా రొద పెట్టింది. అతను చెయ్యి పెట్టబోయాడు. నేను కళ్ళద్దాల పైనుంచి ఒక్క చూపు చూశాను. చెయ్యి వెనక్కి వచ్చేసింది. మళ్ళీ రొద, మళ్ళీ చూపు. ఇంత జరిగినా నాకు తట్టలేదంటే, ట్రెజరీలో లెక్కలు ఎలా తేల్చానో నాకే అనుమానంగా ఉంటుంది.

మంజుల నా చెవి దగ్గరికొచ్చింది. "అమ్మా, గాయన జబ్బు ఏందో చెప్తలేడు. మందుల చీటీ గూడ లేదు. ఒక్కపారి అడుగుదమా?"

"జబ్బు అడగడం డాక్టరు పని. లైను చూడటం మన పని."

పదకొండు కొట్టింది. శ్రావణి గొంతు సన్నబడింది. నేను రాని డాక్టర్ని తిడుతూ, వచ్చినవాళ్ళకు ఓపిక బోధిస్తూ ఉండగానే ఆ కుర్రాడి టోకెన్ వంతు వచ్చింది. హుందాగా పంపాను.

లోపలి నుంచి శ్రావణి కేక వినిపించింది. "నువ్వెప్పుడొచ్చావు?"

"చాలాసేపైంది మేడమ్. బయట కూర్చున్నాను."

"బయట కూర్చోవడమేమిటి?"

"మీరేగా మేడమ్, క్లినిక్కు నడిపేది అమ్మ, ఆవిడ ఏం చెప్తే అది చెయ్యి, ఎదురు మాట్లాడకు అన్నారు. వచ్చినవాళ్ళందరినీ ముందు ఇలా పరీక్షిస్తారేమో అనుకున్నాను."

శ్రావణి నా ముందు నుంచే పరిగెత్తింది. మెడలో స్టెతస్కోపు తియ్యడం కూడా మరిచిపోయి కారెక్కింది. ఆ పూటంతా నేను ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఒకాయన టోకెన్ లేకుండా లోపలికి దూరినా చూడనట్టు ఊరుకున్నాను.

సాయంత్రం శ్రావణి వచ్చింది. మెల్లగా దగ్గరికెళ్ళి అడిగాను. "పాప డాన్సు?"

"మొత్తం చూశానండీ. నేను వెళ్ళేసరికి కార్యక్రమమే మొదలవలేదు."

"అదేం?"

"ముఖ్య అతిథిని గేటు దగ్గర ఆపేశారట. పాస్ చూపిస్తేనే గానీ వదలనని ఒక పెద్దావిడ పట్టుబట్టిందట."

ఆ ముఖం తెలియని మహాతల్లికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఈలోగా కొత్త డాక్టరు బ్యాగు సర్దుకుంటూ, "అమ్మా, నా బీపీ ఎక్కువుందన్నారు, సోమవారం మళ్ళీ చూపించుకోమంటారా?" అన్నాడు. శ్రావణి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడే బీపీ మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట గుమ్మంలోకి ఎవరొచ్చినా "మీరెవరండీ?" అని ముందు అడుగుతాను. ఆ తర్వాతే టోకెన్ ఇస్తాను.