గొర్రెలు రుద్దుకున్న రాయి

నిన్న పావగడ బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన గొంగడి వానకు తడిసింది. ఆ వాసన తగలగానే బలసముద్రం నరసక్క గుర్తుకొచ్చింది. ఆమె పోయి రెండేళ్లయింది. బతుకంతా గొర్రెలు కాసిన మనిషి, కంప్యూటర్ ముట్టి ఎరుగదు. అయినా నా పనిలో నన్ను దారిలో పెట్టింది ఆమే.

పాత శిల్పాలను చుట్టూ ఫోటోలు తీసి, కంప్యూటర్‌లో ఎటు తిప్పినా కనిపించే బొమ్మలుగా మార్చడం నా పని. బలసముద్రం పొలాల్లో సోలార్ పలకల మధ్య దారి వేసేముందు అక్కడి వీరగల్లును, అంటే పోరులో చనిపోయినవాడి పేర నిలిపిన రాతిని, అలాగే తీశాను. దాని అడుగు భాగాన్ని ముళ్లకంప కప్పేసింది. ఎండకు ఓపిక లేక కంప తీయలేదు. బొమ్మలో అక్కడ ఖాళీ వస్తే, పైభాగంలోని గరుకును, పాచి మచ్చలను తెచ్చి నింపేశాను. అతుకు కనిపించలేదని తెగ మురిసిపోయాను. తర్వాత దారి వేసేవాళ్లు రాయిని పక్కకు జరపబోతే అది ముక్కలై, ఆ ముక్కలూ దారి కింద కలిసిపోయాయి. ఇక మిగిలింది నా బొమ్మే.

ఊళ్లో చూపిద్దామని లాప్‌టాప్ తీసుకెళ్లాను. అందరూ బాగుందన్నారు. నరసక్క మాత్రం వంగి చూసి, "ఇది మా రాయి గాదు పాపా" అంది.

"అదేనవ్వా, సరిగ్గా చూడు."

"పైన అదే. కింద యాడిదో తెచ్చి అతికించినావు. మా గొర్రెలు దానికి ఒళ్లు రుద్దుకుంటా ఉండె. ఈడిదాకా నున్నగా, జిడ్డుగా ఉండె" అంటూ తన తొడమీద చెయ్యి పెట్టి చూపించింది. "నన్నడిగింటే చెప్పనా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. పని అప్పగించే గడువు దగ్గరపడింది, అలాగే పంపేస్తే అడిగేవాళ్లు లేరు. అయినా మనసొప్పక మర్నాడు పొద్దున్నే ఆమె గొర్రెల దొడ్డి దగ్గరికి వెళ్లాను. గొర్రెలు రుద్దుకునే మరో రాయిని చూపించింది. దాని నునుపును ఫోటోలు తీసుకుని, ఆమె చెప్పిన ఎత్తు వరకూ మార్చాను. ఈసారైనా మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఇది గూడా ఆ రాయి గాదు గదా" అంది. "ఆ మాట రాసిపెట్టు. లేకుంటే మా పిల్లోల్లు నిజమనుకుంటారు."

సిగ్గేసింది. ఆ భాగం నరసక్క చెప్పగా నింపిందని బొమ్మ కిందే రాశాను.

అప్పటినుంచి ఎక్కడ ఖాళీ వచ్చినా ముందు ఆ రాతి పక్కన మసిలినవాళ్లను వెతుక్కుంటూ వెళ్తున్నాను. మొన్న మరో రాయి అడుగు ఎలా ఉండేదో తెలుసుకుందామని బలసముద్రంలో ఇల్లిల్లూ తిరిగాను. నరసక్కకైతే తెలిసుండేదన్నారు అందరూ. ఆ బొమ్మకు అడుగు భాగం పెట్టలేదు.