సరిహద్దు దాటిన నీళ్ల ట్యాంకర్లు

ఆ రోజుల్లో హైటెక్ సిటీ అంటే ఒక అద్దాల భవనం, చుట్టూ బండరాళ్లు, ఆ రాళ్ల మధ్య మేమూ ఉన్నామన్నట్టు మాలాంటి చిన్న ఆఫీసులు. గోదావరి జిల్లా నుంచి ఇంజనీరింగ్ పట్టాతో దిగిన నాకు అలాంటి ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పేరుకు ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్‌ని. (అప్పటికి నేను ప్లాన్ చేసిన రవాణా ఏదైనా ఉందంటే, కొండాపూర్ గది నుంచి ఆఫీసుకు పొద్దున్నే ఎవరి స్కూటర్ వెనక ఎక్కాలన్నదే.) తొలి ఉద్యోగాన్ని అందరూ ముచ్చటగా తలచుకుంటారు. నాకు మాత్రం ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ దిగులే.

మా డైరెక్టరు గారు ఎక్కడో ఈశాన్య సరిహద్దులో పొరుగు దేశంతో వ్యాపారం కోసం రోడ్డు, లారీలు ఆగే యార్డు, సరుకు తనిఖీ షెడ్లు ప్లాన్ చేసే పని సంపాదించుకొచ్చారు. "వారం రోజులు అక్కడ కూర్చుని వచ్చే పోయే లారీలు లెక్కపెట్టుకురావయ్యా. యార్డు ఎంతుండాలో ఆ లెక్కే చెప్తుంది" అని నన్ను రైలెక్కమన్నారు. నేను ఎక్కలేదు. సరిగ్గా ఆ వారమే నాకు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పరీక్ష ఉంది. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న భయాన్ని నమ్ముకుని ఊరంతా ఉద్యోగాలు వెతుక్కుంటున్న కాలమది. సరిహద్దుకు వెళ్తున్నానని చెప్పి, గదిలో తలుపేసుకుని చదువుకున్నాను. లారీలను కాకకు అప్పజెప్పాను.

కాక మా ఆఫీసులో మ్యాపులు చుట్టిపెట్టే పెద్దాయన. కొత్తగూడ మనిషి. పొలం ఎప్పుడో అగ్గువకు అమ్ముకున్నాడు, ఇప్పుడందులో ఎవరివో మేడలు లేస్తున్నాయి. ఉన్నది తాత్కాలిక కొలువు. ఈ ప్రాజెక్టు ఖాయమైతే పర్మినెంట్ చేస్తామని డైరెక్టరు గారు మాటిచ్చారు. భార్యను దవాఖాన చుట్టూ తిప్పుతున్న మనిషికి ఆ మాటే ధైర్యం. సెలవు పెట్టి కొత్తగూడ చౌరస్తాలో కూర్చుని లారీలు లెక్కపెట్టమని నేనంటే తల గోక్కున్నాడు.

"జర సోంచాయించు సార్. గిది కొత్తగూడ, బార్డర్ గాదు గదా."

"లారీ ఎక్కడైనా లారీయే కదండీ కాకా."

"గట్లనా. సదువుకున్నోనివి, నీకే ఎర్క."

వారమంతా ఎండలో కూర్చుని, పోయిన ప్రతి లారీనీ, అది మోస్తున్న సరుకుతో సహా గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. నేను కనీసం తిరగేసి చూడకుండా ఆ కాగితాలను రిపోర్టుకు తగిలించాను.

మీటింగులో ఆ సరిహద్దులోనే పనిచేసి వచ్చిన ఒక అధికారి కళ్లజోడు సర్దుకున్నారు. "ఇంతకీ ఈ నీళ్ల ట్యాంకర్లు మనం పంపుతున్నామా, వాళ్లు పంపుతున్నారా? అక్కడ ఏటా వరదలే కదయ్యా" అన్నారు. అందరూ నవ్వారు. డైరెక్టరు గారు నవ్వలేదు. "ఎవరు లెక్కపెట్టారిది?" అన్నారు.

గోడ పక్కన మ్యాపులు పట్టుకుని నిలబడ్డ కాక ఒక అడుగు ముందుకేశాడు. "నేనే సార్. ఒక్కటి గూడ తప్పలె" అన్నాడు, ఎంతో గర్వంగా.

"నువ్వా? నువ్వెప్పుడు వెళ్లావక్కడికి?"

కాక నా వైపు చూశాడు. నిజం చెప్పడానికి నాకు కావలసినంత సమయం దొరికింది. "కాగితాలు కలిసిపోయినట్టున్నాయండి. కాక పొరపాటున వేరేవి పెట్టేశాడు" అన్నాను. కాక తల దించుకుని "ఔ సార్, కలిసినట్టున్నయి" అన్నాడు. ప్రాజెక్టు పోయింది. ఆ మధ్యాహ్నమే కాకను రేపటి నుంచి రావద్దన్నారు. నేను పరీక్ష మాత్రం పాసయ్యాను.

కొత్త ఉద్యోగంలో చేరే ముందు కాక ఇంటికి వెళ్లాను. మంచం వాల్చి, చాయ్ ఇప్పించాడు. "ఫికర్ జెయ్యకు సార్" అని ఆయనే నాకు ధైర్యం చెప్పాడు. ఖాళీ గ్లాసు అందుకుంటూ అడిగాడు. "గని ఒక్క ముచ్చట. బార్డర్ల నిజంగ ఏం లారీలు పోతయి?"

"నాకేం తెలుసు కాకా. నేను వెళ్తేగా."

"గా మాట ఆడ జెప్పకపోతివి" అన్నాడు. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఇప్పుడు నా కింద చాలామంది పిల్లలు పనిచేస్తున్నారు. ఎవరైనా తప్పుడు లెక్క తెస్తే, అది ఎవరు చేశారని నేను నలుగురిలో అడగను. సార్‌ది పెద్దమనసు అని వాళ్లనుకుంటారు, పాపం. నేను నవ్వి ఊరుకుంటాను.