నాలా మీద పూల్, నా గొంతులో

2017 వేసవి. చంద్రపూర్ ఎండలు ఎరిగినవాళ్లకు ఆ రోజుల్లో మున్సిపల్ ఎన్నికలంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. లాల్‌పేట్ బొగ్గు కాలరీ పక్కన మా లైన్లలో, అంటే కార్మికుల ఇళ్ల వరుసల్లో, నాదొక చిన్న గది. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు వేలాడదీశాను. ఫ్యాన్ వేస్తే దాని గరగర రికార్డులోకి ఎక్కుతుంది కాబట్టి అదీ బంద్. అందులో కూర్చుని చెమటలు కక్కుతూ ఊరికి తీయటి మాటలు చెప్పడం నా వృత్తి.

నేను అనౌన్సర్‌ని. చీరల సేల్, కంటి శిబిరం, సర్కస్, ఎన్నికలు, ఏదైనా సరే. ఆటో మీద భోంగా, అంటే మైకు హారన్, కట్టి వీధి వీధీ తిప్పే మాటల్లో మరాఠీవి, హిందీవి ఎవరెవరో చెబుతారు. తెలుగువి మాత్రం నేనే. మా లైన్లలో బొగ్గు బావుల కోసం ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలే ఎక్కువ, సగం క్రైస్తవులం. పిల్లలు మరాఠీ బడుల్లో చదివారు, తెలుగు మాట్లాడతారే గాని చదవలేరు. పెద్దవాళ్లకు ఏ అక్షరమూ రాదు. ఇక్కడ కరపత్రాలు పంచడం దండగ. చెవిలో పడితేనే ఓటు పడుతుంది.

ఈ పనిలో గ్యాప్ అని ఒకటుంది. ఎన్నికల్లో గుర్తులు చివర్న ఇస్తారు. ప్రచారానికి మిగిలేది కొద్ది రోజులే. అందుకని ముందే అంతా చెప్పేసి, గుర్తు రావాల్సిన చోట కాస్త ఖాళీ వదులుతాను. గుర్తు తేలాక ఆ ఒక్క ముక్క చెప్పి అతికిస్తే సరి. నా గ్యాప్‌లు అంత శుభ్రంగా ఉంటాయని రికార్డింగ్ వాళ్లు మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయేవాణ్ని.

ఇక మా వార్డు ఎన్నికల చరిత్ర చెప్పాలంటే ఒక్క వాక్యం చాలు: నాలా మీద పూల్ కట్టిస్తాం. పూల్ అంటే వంతెన. లైన్లకూ మా సమాధుల తోటకూ మధ్య ఒక నాలా ఉంది. బావిలోంచి పంపులతో తోడేసిన నీళ్లు అందులో వదులుతారు కాబట్టి అది మండు వేసవిలోనూ ఎండదు. మాలో ఎవరు చనిపోయినా శవపెట్టెను మోకాలి లోతు నీళ్లలో మోసుకుపోవాల్సిందే. నగర పరిషత్ ఉన్నప్పుడు ఒకాయన ఆ పూల్ మీద గెలిచాడు. తర్వాత ఆయన్ని ఓడించినవాడూ పూల్ మీదే గెలిచాడు. మహానగరపాలిక వచ్చింది, వార్డు ప్రభాగ్ అయింది, ఒక సీటు కాస్తా నాలుగయ్యాయి. పూల్ మాత్రం మాటల్లోనే ఉండిపోయింది. గెలిచిన ప్రతివాడికీ ఆ మాట చెప్పింది నేనే.

ఆఖరున గెలిచినవాణ్ని అందరూ భావూ అంటారు. లైన్ల మధ్యే పెరిగాడు, తెలుగు మాలాగే మాట్లాడతాడు. 2017లో పార్టీ మారి మళ్లీ నిలబడ్డాడు. కబురు పంపాడు. అప్పటికే నేను సుశీలక్కకు మాటిచ్చేశాను.

సుశీలక్క కాలరీ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. లైన్లలో సగం మంది ఆమె చేతుల మీద పుట్టినవాళ్లే. ఒక సాయంత్రం నా గదికి వచ్చి బొంతల మధ్య కూర్చుంది.

"తమ్మీ, నేను నిలబడుతున్న. నువ్వే చెప్పాలె."

"నీకెందుకక్కా ఈ లొల్లి? పింఛన్ వస్తున్నది, ఆరామ్‌గ ఉండరాదు."

"మీ బావ పోయినప్పుడు నువ్వు పెట్టె మోసినవా లేదా?"

"మోసిన."

"నాలాల పెట్టె ఒక దిక్కు ఒరిగింది. యాదికున్నదా?"

మళ్లీ ఆమే అంది. "నీళ్లు లోపటికి పోయినయి. నా మొగడు తడిసి మట్టిలకు పోయిండు. నేను గట్ల పోను తమ్మీ. గందుకే నిలబడుతున్న."

ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక లైన్లవాళ్లంతా అక్కడే చేతులెత్తి ఆమెను ఒప్పుకున్నారు. ఇండిపెండెంట్. గుర్తు కుట్టు మిషన్ వచ్చింది. రికార్డింగ్ రోజు నేను అలవాటుగా "నాలా మీద పూల్ కట్టిస్తాం" అని మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది.

"గా మాట వద్దు. ఇన్న ఇన్న చెవులు పుండ్లయినయి. పూల్ కట్టేదాక మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద కూసుంటదట, లేవదట అని చెప్పు."

అట్లాగే చెప్పాను. ఇన్నేళ్లలో ఒక హామీ చెబుతూ గొంతు వణికింది ఆ ఒక్కసారే.

ప్రచారం మొదలైన రెండో రోజు చాయ్ తాగుతుంటే సందు చివర నా గొంతే వినిపించింది. సుశీలక్క ఆటో అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే దాని మీద భావూ బొమ్మ. పాత ఎన్నికలో నేను ఆయనకు చెప్పిన రికార్డే. గుర్తు దగ్గర మాత్రం ఎవరిదో గొంతు కొత్త గుర్తు పలుకుతోంది. నా గ్యాప్ ఎంత శుభ్రంగా ఉందంటే అతుకు తెలియడం లేదు. తర్వాత నా గొంతు హాయిగా అంది, "నాలా మీద పూల్ కట్టిస్తాం!"

తిన్నగా భావూ ఆఫీసుకు పోయాను.

"ఏంది భావూ ఇది? నీకు చెయ్యనన్న కద."

"నిన్నెవడు చెయ్యమన్నడు?" నవ్వుతూనే కుర్చీ చూపించాడు. "పోయినసారి చేసినవు కద, పెన్‌డ్రైవ్‌ల ఉన్నది. గొంతు నీదే, రికార్డింగ్ నాది."

"అప్పుడు పార్టీ వేరే, గుర్తు వేరే."

"గుర్తు మార్పించిన. మిగిలినదానికేమైంది? పూల్ ఇంక కట్టలే కద, మాట పాతబడలే."

సిగ్గు అన్నది ఆ ముఖంలో ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూశాను. లేదు. చాయ్ తెప్పించాడు, నేను తాగలేదు. ఆ రోజు నాకు తెలిసిన బూతులన్నీ గొంతు దాకా వచ్చాయి. గొంతుతో బతికేవాడికి నోరు పారేసుకునే ధైర్యం కూడా ఉండదు.

గదికి వచ్చి కొత్త రికార్డు చేశాను. నేను ప్రభాకర్‌ని, ఆ ఆటోలో వినిపించేది నా పాత గొంతు, నమ్మకండి, మన అక్క గుర్తు కుట్టు మిషన్ అని. ఇక చూడండి తమాషా. ఒక సందులో నా గొంతు భావూకు ఓటెయ్యమంటుంది. పక్క సందులో అదే గొంతు ఆ గొంతును నమ్మొద్దంటుంది. పిల్లలు పగలబడి నవ్వారు. ముసలివాళ్లు నవ్వలేదు. నీళ్ల ట్యాంకర్ దగ్గర ఎలీసమ్మ అనే పెద్దావిడ నన్ను నిలబెట్టి అడిగింది.

"పొద్దుగాల ఒకటి చెప్తివి, పొద్దుమూకి ఒకటి చెప్తివి. రెండు దిక్కుల పైసలు తిన్నవా బిడ్డా?"

లేదని ఒట్టేసుకున్నాను. ఆమె నా ముఖం చూడలేదు, బకెట్ తీసుకుని వెళ్లిపోయింది. ఇంటింటికీ తిరిగి చెప్పాను. చెప్పినకొద్దీ అనుమానమే పెరిగింది. ప్రభాకర్ ఏది చెబితే అది నొక్కే అలవాటున్న పెద్దవాళ్లు కొందరు పాత గొంతునే విన్నారు. కొందరు ఇద్దరి మీదా విసుగొచ్చి బూత్‌కే పోలేదు.

సుశీలక్క చాలా కొద్దిలో ఓడిపోయింది. లెక్కింపు దగ్గరి నుంచి ఇద్దరం ఆటోలో వచ్చాం. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఇల్లు దగ్గర పడ్డాక అంది, "గెలిచింది నీ గొంతే తమ్మీ. ఓడింది నేను."

ఆ తర్వాత గడువు తీరినా ఏళ్ల తరబడి ఎన్నికలు పెట్టలేదు, ప్రశాసకుడి పాలన, అంటే సర్కారు పెట్టిన అధికారి పాలన, నడిచింది. మొన్నటి చలికాలంలో మళ్లీ సందడి మొదలైంది. అప్పుడే సుశీలక్క కన్ను మూసింది.

పెట్టె మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. నాలాలో నీళ్లు గడ్డకట్టినంత చల్లగా ఉన్నాయి. భుజాల మీదికి ఎంత ఎత్తినా మధ్యలో ఒకడి కాలు జారింది, పెట్టె ఒరిగింది, నీళ్లు లోపలికి పోయాయి. మాకది కొత్త కాదు.

సరిగ్గా అప్పుడే వెనక రోడ్డు మీద ప్రచారం ఆటో వచ్చింది. ఈసారి భావూ కోడలు నిలబడింది. ఆమె పేరు ఎవరో అమ్మాయి గొంతులో అతికించారు. మిగతాదంతా నేనే, పడుచు గొంతుతో, నాలా మీద పూల్ కట్టిస్తాం అంటున్నాను. ఆటో అబ్బాయి పెట్టెను చూసి మర్యాదగా వాల్యూమ్ తగ్గించాడు. ఆపలేదు.

ఇప్పుడు నా రికార్డుల్లో గ్యాప్ ఉండదు. పేరూ గుర్తూ హామీ ఒకే ఊపిరిలో చెబుతాను, ఎవడూ కత్తెర పెట్టలేకుండా. గుర్తు తేలేదాకా ఆగలేనివాళ్ల పని పోతుంది, పోనీ. ఆ ఎన్నికల్లోనే మరో ఇద్దరు అభ్యర్థులు కాగితాలు పట్టుకొచ్చారు. రెండింట్లోనూ పూల్ ఉంది, అది మాత్రం నేను చెప్పదలచుకోలేదు. మిగిలినదంతా చదివి, ఆ వాక్యం దగ్గర ఆగి మైకు వాళ్ల ముందుకు జరిపాను.

"ఇది మీ గొంతుతో చెప్పుండ్రి సార్. పేరు కూడా చెప్పుండ్రి."

ఇద్దరూ నీళ్లు నమిలారు. ఒకాయన గొంతు బాగాలేదన్నాడు. ఇంకొకాయన మళ్లీ వస్తానని లేచాడు. ఆ వాక్యాన్ని సొంత గొంతుతో చెప్పినవాడు మా వార్డులో ఇంతవరకు లేడు.