సాయంత్రం చల్లబడే రేడియేటర్లు

1983 డిసెంబరులో మా కంపెనీ నన్ను అబూదాబీ నుంచి అల్ ఐన్ మెయింటెనెన్స్ సెక్షన్‌కు మార్చింది. హోదా చార్జ్‌హ్యాండ్. అంటే ఫిట్టర్లకు ఒక మెట్టు పైన, ఫోర్‌మన్‌కు ఒక మెట్టు కింద. అప్పటిదాకా నా పని అంతా ఏసీ ప్లాంట్ల మీదే. చదువు పదో తరగతితో ఆగిపోయింది. వేడి లెక్కలు, పంపు లెక్కలు మిషన్లతో పాటు వచ్చే పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నాను. కొత్త చోట నాకు అప్పగించిన మొదటి ఫిర్యాదు మాత్రం చల్లదనం గురించి కాదు, ఒక ఇంట్లో వేడి రావడం లేదని.

గల్ఫ్ అంతటినీ దుబాయ్ అనే మన ఊళ్లలో, దుబాయ్‌లో ఇల్లు వేడి చేసుకోవడమేమిటని నవ్వుతారు. అల్ ఐన్ సముద్రానికి దూరంగా, ఎడారి లోపలికి ఉంటుంది. చలికాలం రాత్రుల్లో బయట పది డిగ్రీలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. రాతి నేల, ఎత్తు కప్పు ఉన్న ఇంట్లో ముసలివాళ్లకు ఆ చలి చాలు. ఇంటి యజమానిని అందరూ అర్బాబ్ అనేవారు. ఆయన తల్లికి ఉబ్బసం. వైద్యానికి ఆమెను విదేశానికి తీసుకెళ్లినప్పుడు అక్కడి ఆసుపత్రి గదుల్లో రేడియేటర్లు చూశాడు. తిరిగొచ్చాక కొత్త ఇంటికి అవే పెట్టించాడు.

ఏర్పాటు కష్టమైనదేమీ కాదు. పెరట్లో చిన్న గదిలో డీజిల్‌తో మండే బాయిలర్ నీళ్లను కాస్తుంది. పక్కనే ఉన్న పంపు ఆ వేడి నీళ్లను ఒక పైపులో గదులకు పంపుతుంది. గోడవారగా ఉన్న ఇనుప రేడియేటర్లు ఆ వేడిని గదికిస్తాయి. చల్లారిన నీళ్లు రెండో పైపులో బాయిలర్‌కు తిరిగొస్తాయి. మేం ఏసీల్లో చేసే పనే, చల్లటి నీళ్లకు బదులు వేడి నీళ్లతో. పంపును నడిపేది గోడమీది థర్మోస్టాట్. తాను ఉన్న గది మనం పెట్టిన డిగ్రీకి చేరితే పంపు ఆపుతుంది, గది చల్లబడితే మళ్లీ నడుపుతుంది. డ్రాయింగ్ ప్రకారం దాన్ని ఇంట్లోకెల్లా పెద్ద గదిలో, అంటే అతిథులు కూర్చునే మజ్లిస్‌లో బిగించారు.

పైపులు వేసింది నిర్మల్ వైపు నుంచి వచ్చిన మా ఫిట్టర్ నర్సయ్య. సాయంత్రమయ్యేసరికి ముసలమ్మ గదిలో రేడియేటర్ చల్లబడుతోందని మూడుసార్లు ఫిర్యాదు వచ్చింది. మూడుసార్లూ అతను పగలు వెళ్లి, థర్మోస్టాట్ మీట పైకి తిప్పి, రేడియేటర్లలో చేరిన గాలి వదిలేసి, అన్నీ కాగేదాకా చూసి, మీట మళ్లీ ఇరవై రెండుకు పెట్టి వచ్చాడు. మూడుసార్లూ సాయంత్రానికి మళ్లీ చల్లబడ్డాయి. అర్బాబ్‌కు కోపం వచ్చింది. మా ఈజిప్టు ఇంజనీరు, అందరూ ముహందిస్ అని పిలిచేవారు, ఒక సాయంత్రం స్వయంగా వెళ్లి చూశాడు. బాయిలర్ మండుతోంది, దాని ఒళ్లంతా వేడిగా ఉంది. రేడియేటర్ చల్లగా ఉంది. కాబట్టి తప్పు రెండింటి మధ్యా ఉండాలి, మధ్యలో ఉన్నవి నర్సయ్య వేసిన పైపులే. ఆ తర్కంలో లోపం పట్టుకోవడం కష్టం. రేపు సాయంత్రం కూడా ఇలాగే ఉంటే నర్సయ్య ఖలాస్, వీసా క్యాన్సిల్ చేసి పంపించేయడమేనని నాతో హిందీలో చెప్పాడు. వెళ్లి చూసి రమ్మన్నాడు.

నర్సయ్య వచ్చి ఏడాది కూడా కాలేదు. అలా పంపించేస్తే మళ్లీ వీసా దొరుకుతుందన్న నమ్మకం లేదు. మర్నాడు పికప్‌లో నా పక్కన కూర్చున్నాడు. దారిలో అన్నాడు.

"అన్నా, పొద్దుగాల కాల్తది, పొద్దుమీకితే సల్లగైతది. గా పైపులకు గూడ మన లెక్క డ్యూటీ టైమున్నదా ఏందే?"

అతను కడుపుమంటతో అన్నాడు గానీ, నాకు లెక్క అక్కడే తెగింది. పైపులో అడ్డం ఉంటే పొద్దునా ఉంటుంది, సాయంత్రమూ ఉంటుంది. వేళను బట్టి మారేవి కరెంటూ, మనుషులూ. ముందు పైపులు విప్పవద్దని, దేన్నీ తిప్పవద్దని నర్సయ్యకు చెప్పాను. అతను ఇబ్బందిగా చూశాడు. పానాలు పట్టుకెళ్లి ఊరికే కూర్చుంటే అర్బాబ్ ఏమంటాడోనని అతని భయం.

ముసలమ్మను చూసుకునే మనిషి రాజోలు దగ్గరి సత్యవతి. తెలుగు వినగానే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఎప్పుడు చల్లబడుతోందమ్మా?" అని అడిగాను.

"చుట్టాలొచ్చినప్పుడండీ. ఎవరూ రాని రోజు పెద్దమ్మగారి గది బానే ఉంటదండి. ఆళ్లొచ్చి మజ్లిస్‌లో కూకున్నారంటే చాలు, ఈవిడ రెండు దుప్పట్లు కప్పమంటారు. వేడంతా ఆళ్లే లాగేసుకుంటారేమోనండి!"

"చుట్టాలు వేడి తాగుతరా, కాఫీ తాగుతరా?" అన్నాడు నర్సయ్య.

"రెండూ తాగుతారండి. మీరు పెట్టిన మిషను అలాంటిది మరి!"

పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజ్ అయ్యాక కార్లు రావడం మొదలైంది. నేను బాయిలర్ గదిలో పంపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. బాయిలర్ మంట హోరులో పంపు శబ్దం వినిపించదు, అదురు మాత్రం చేతికి తెలుస్తుంది. కాసేపటికి అదురు ఆగింది. బాయిలర్ మండుతూనే ఉంది. దానికి వేరే థర్మోస్టాట్ ఉంటుంది కనుక తన నీళ్లను తాను కాచుకుంటూనే ఉంటుంది. ముహందిస్ చూసింది ఇదే. పైపుల్లో నీళ్లు కదలడం లేదు, ఎందుకంటే కదలవద్దని ఎవరో చెప్పారు.

చెప్పింది మజ్లిస్. లోపలికి వెళ్లేసరికి ముహందిస్ కూడా అర్బాబ్ పక్కన కూర్చుని ఉన్నాడు. మూలన ఇటుకలతో కట్టిన పొయ్యి, ఎర్రగా మండుతున్న కట్టెలు, చుట్టూ కాఫీ కూజాలు. ఇల్లు అప్పగించాక అర్బాబ్ కట్టించుకున్నది అది. మా డ్రాయింగ్‌లో లేదు. థర్మోస్టాట్ అదే గోడకు, నాలుగడుగుల దూరంలో ఉంది. జేబులోని థర్మామీటర్ దాని పక్కన పెట్టి చూశాను. ఇరవై ఏడు. పంపు ఆగి రెండు గంటలయ్యాక, మజ్లిస్‌కు వచ్చే ముందే ముసలమ్మ గదిలో చూశాను. పదిహేను. మజ్లిస్ రేడియేటర్ కూడా చల్లగానే ఉంది. నిప్పు పక్కన కూర్చున్నవాళ్లకు దాన్ని ముట్టుకునే అవసరం రాలేదు.

మాటల్లో చెప్పడం కన్నా చూపించడం తేలిక. సత్యవతి చేత తడిగుడ్డ తెప్పించి పిండాను. నర్సయ్యను పంపు దగ్గరికి పంపి, నడిస్తే కేక వేయమన్నాను. కిటికీ తెరిచి, గుడ్డను థర్మోస్టాట్ డబ్బా మీద ఆనించి పట్టుకున్నాను. డబ్బాలో చిన్న లోహపు పట్టీ ఉంటుంది. వేడికి ఒకవైపు వంగుతుంది, చల్లబడితే వెనక్కి వస్తుంది. అతిథులు కాఫీ ఆపి నన్నే చూస్తున్నారు. టక్‌మని శబ్దం వచ్చింది. మరుక్షణం పెరట్లోంచి నర్సయ్య గొంతు:

"నడుస్తుందే అన్నా! నడుస్తుంది!"

ముహందిస్ లేచి వెళ్లి రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. అది వెచ్చబడేదాకా తీయలేదు. తర్వాత అర్బాబ్‌కు అరబ్బీలో వివరించాడు. పైపుల్లో తప్పు లేదని చెప్పడం నాకు అర్థమైంది. మరి పొయ్యి ఆర్పేయమంటారా అని అర్బాబ్ నన్ను హిందీలో అడిగాడు. అతిథులు నవ్వారు. వచ్చినవాళ్లకు నిప్పు పక్కన కాఫీ ఇవ్వని ఇల్లు అక్కడ ఉండదు. అక్కర్లేదు, డబ్బానే లేచి వెళ్తుందని చెప్పాను.

మర్నాడు నర్సయ్యే దాన్ని ముసలమ్మ గదికి మార్చాడు. కిటికీకి, రేడియేటర్‌కు దూరంగా, లోపలి గోడకు ఛాతీ ఎత్తున బిగించాం. మజ్లిస్‌లో పొయ్యి ఎలాగూ ఉంది కనుక అక్కడి రేడియేటర్ వాల్వు బాగా తగ్గించాం. డబ్బా మీద తువ్వాలు ఆరేయవద్దని, కింద దీపం పెట్టవద్దని సత్యవతికి చెప్పాను. ఆ సాయంత్రం అతిథులు వచ్చారు, నిప్పు మండింది, పంపు ఆగలేదు. తొమ్మిదింటికి ముసలమ్మ గదిలో ఇరవై ఒకటి. నర్సయ్య వీసా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను ఫోర్‌మన్‌నయ్యాక కొత్తగా వచ్చిన ఫిట్టర్లకు ఈ సంగతి చెప్పేవాణ్ణి. ఫిర్యాదు ఏ వేళదైతే ఆ వేళకే వెళ్లాలి. వెళ్లాక దేనిమీదా చెయ్యి వేయకుండా ముందు చూడాలి. పరీక్ష కోసం మీట తిప్పిన ప్రతిసారీ నర్సయ్య ఆ లోపాన్ని తన చేత్తోనే మాయం చేశాడు. ఇక డ్రాయింగ్ గదుల కొలతలు చెబుతుంది గానీ, ఆ గదుల్లో మనుషులు ఏం చేస్తారో చెప్పదు. అది వెళ్లి అడగాలి.

నర్సయ్య వేసిన పైపులు, నేను అల్ ఐన్ వదిలి వచ్చేదాకా, ఒక్క అతుకు దగ్గర కూడా కారలేదు.