విడవని సోమవారం

సోమవారం పొద్దున నా జోలికి ఎవరూ రారు. వస్తే కరుస్తానని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఉపవాసం మనిషిని శాంతంగా ఉంచుతుందని ఎవరో కడుపు నిండా తిన్నవాళ్ళే చెప్పి ఉంటారు. నాకు మాత్రం ఆకలేస్తే కోడి కూసినా కోపమే.

ఇది మొక్కు కాదు, మా అత్తగారింటి ఆచారం. ఉగాది దాటిన మొదటి సోమవారం ఇంటి పెద్దకోడలు తలకు పోసుకుని, విత్తనం గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, ఒక్కపొద్దు మొదలుపెట్టాలి. అక్కడినుంచి ప్రతి సోమవారం పగలంతా మంచినీళ్ళే. పొద్దుగూకాక ఇన్ని ఉడకబెట్టిన అలసందలు. తొలకరి ముంగారు వాన పడి చేనిలో విత్తనం వేసిన రోజున, ఆ గట్టు మీదే కూర్చుని సంగటి తిని ఒక్కపొద్దు విడవాలి. నేను కాపురానికి వచ్చిన ఏడే మా అత్త దీన్ని నా నెత్తిన పెట్టింది. అబద్ధమెందుకు, అప్పట్లో నాకు ఇష్టంగానే ఉండేది. ఆకలేసినకొద్దీ మబ్బు వైపు చూసేదాన్ని. వాన ఆలస్యమైతే ఆ మబ్బులను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

తర్వాత సోలార్ కరెంటు కంపెనీ వచ్చింది. చుట్టుపక్కల అందరూ ఇచ్చినట్టే మేమూ చేను కౌలుకిచ్చాం. ఇచ్చి తప్పు చేశామని అనను. వానలు మొహం చాటేసి, వేరుశనగకు పెట్టిన విత్తనం కూడా తిరిగి రాని రోజులవి. ఈరోజు నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే ఆ కౌలు వల్లే. కానీ ఆ ఏడు కూడా ఉగాది దాటగానే నా చేతులు వాటంతట అవే గొర్రుకు పసుపు రాశాయి. ఏం విత్తుతామని, ఎక్కడ విత్తుతామని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. నాకూ తట్టలేదు. వాన పడేసరికి చేను చుట్టూ కంచె ఉంది.

మంచి వాన అది. ఆ సోమవారం నేను సంగటి ముందు కూర్చుంటే అత్త వచ్చి నిలబడింది.

"యాడ ఇత్తినావమ్మీ?"

"మనకు చేనెక్కడుందత్తా ఇప్పుడు?"

"చేను యాడికీ పోలేదు. ఆడే ఉండాది. ఇత్తు పడకుండా ఇడిస్తే చేనికి నీళ్ళొదిలినట్టే. ఇడుస్తానంటే ఇడువు. నేనేం నీ చెయ్యి పట్టుకోను."

చెయ్యి పట్టుకుని ఉంటే విదిలించుకునేదాన్ని, ఇంత నోరు ఉండనే ఉంది. పట్టుకోనంటే ఏం చేయను? ఆ ముద్ద తింటే, మా చేనిలో ఇక ఎప్పటికీ విత్తనం పడదని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు. ఆ మాట నేనెందుకు అనాలి? పళ్ళెం పక్కకు నెట్టి లేచాను.

అంతే, ఇరుక్కుపోయాను. ఆషాఢం గాలి దుమ్ములో సోమవారం, కార్తీకంలో సోమవారం, మాఘం చలిలో సోమవారం. ముందు నా ఆకలికి ఒక కాలమంటూ ఉండేది. చేనంతా పరిచిన ఆ సోలార్ ప్లేట్లకు ముంగారూ లేదు, వెనకవానల హింగారూ లేదు, ఎండ ఉంటే చాలు. నాకూ అలాగే అయింది. మళ్ళీ ఉగాది వస్తే గొర్రుకు పసుపు పెట్టబోయి ఆగిపోయాను. పాతదే విడవలేదు, కొత్తగా ఏం మొదలుపెట్టను?

బయటపడాలని చూడకపోలేదు. దొడ్లో తొట్టి పెట్టి విత్తనం వేస్తే అత్త నవ్వింది. "తొట్టిలో ఏసేది ఇత్తా? కొత్తిమీర పెంచుకో పో." వై.ఎన్.హొసకోట గుడికి పోయి పూజారిని అడిగితే, దేవుడికి బియ్యం, కందిబేడలు ఇచ్చి విడిచేయమ్మా అన్నాడు. బస్సులో తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ వచ్చాను. అత్త ఒక్కమాటే అడిగింది: "ఆయప్ప ఇత్తినాడా మన చేన్లో?"

మా ఆయన మరీనూ. నా ఎదురుగా కూర్చుని వేళ్ళు నాకుతూ, "తినేయ్ మే, ఎవురు చూస్తారు?" అనేవాడు. ఒళ్ళు మండిపోయేది. చూసేవాళ్ళు ఎవరూ లేరు, అదే నా ఖర్మ. ఎవరైనా కాపలా ఉంటే దొంగతనంగా అయినా తిని ఉండేదాన్ని.

పోయిన ఏడాది సోలార్‌లో గడ్డి తీసే కూలికి కుదిరాను. లోపల అన్నీ ఒకేలాంటి వరసలు, ఏ చేను ఎవరిదో దేవుడికే తెలియాలి. కొన్నాళ్ళకు ఒక వరసలో ఎర్రమన్ను పోయి సుద్దమన్ను తగిలింది. కాయలు ఎప్పుడూ తాలు పోయే మా చేని మూల అది. అక్కడే చతికిలబడ్డాను. తోటి ఆడవాళ్ళు తల తిరిగిందా అని అడిగారు. మా చేను అన్నాను.

"అట్లయితే ఈడ గడ్డంతా నువ్వే పీకు, మీ చేనే కదా!" అని ఒకామె అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

మొదటి వాన పడిన మర్నాడు కొంగున గుప్పెడు ఉలవలు ముడేసుకుని పనికి పోయాను. ప్లేట్ల కింద తడిమన్నును కొడవలి మొనతో గీరి, ఉలవలు వేసి కప్పాను. ఆ నీడలోనే టిఫిన్ డబ్బా తెరిచి సంగటి తిన్నాను. అది సోమవారమే. పగటిపూట, ఎండ ఉండగా, సోమవారం అన్నం! గబగబా తినబోయి ఎక్కిళ్ళు వచ్చాయి.

ఇంటికి పోయి చెబితే అత్త నా చేతులు లాక్కుని గోళ్ళలో మన్ను చూసింది. తర్వాత ఆ వేళ్ళను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, భోరున ఏడ్చింది. ఆ మనిషి ఏడవగా చూడటం నాకు అదే మొదలు. రోజూ పొద్దుగూకేసరికి వాకిట్లో కూర్చుని అడిగేది, "మొలిసినాయా? ఎన్నాకులేసినాయి?" మొలిచాయని, రెండాకులు, నాలుగాకులు అని చెప్పేదాన్ని. నేనూ వచ్చే సోమవారం కోసం ఎదురుచూసేదాన్ని, పొద్దున్నే తినొచ్చని.

ఆ వరసకు గడ్డి తీసే వంతు వచ్చింది. సూపర్‌వైజరు కుర్రాడు చెడ్డవాడు కాదు. ఈ కాస్త వదిలేయప్పా అంటే మొహం చిన్నబుచ్చుకుని, "తీగ ప్లేట్ల మీదికి పాకితే నన్ను ఇంటికి పంపిస్తారక్కా" అన్నాడు. పక్కనామె చెయ్యి చాపింది. ముట్టొద్దు అని గట్టిగా అరిచాను. ఒక్కో మొక్కా నేనే పీకాను. తడిమన్ను కదా, లాగగానే వేళ్ళతో సహా వచ్చేశాయి.

సాయంత్రం అత్త వాకిట్లోనే ఉంది. "ఎంతెత్తు వచ్చినాయమ్మీ?"

ఆమె కంచె లోపలికి వచ్చి చూసేది లేదు. మోకాలెత్తు అంటే నమ్మేది. ఆ అబద్ధానికి నా నోరు రాలేదు.

"పీకేసినానత్తా. నేనే."

అత్త కొంగు భుజాన సర్దుకుని లోపలికి పోయింది.

సోమవారం నేను లేచేసరికి అత్త సంగటి కెలకడం అయిపోయింది. పళ్ళెంలో తన కొడుక్కి ఒక ముద్ద, తనకొక ముద్ద. నాకు చేయలేదు. నేనూ అడగలేదు. చెంబెడు నీళ్ళు తాగి, కొడవలి తీసుకుని, మా చేనిలోకే కూలికి పోయాను.