నేను ఆగిపోయాక నడిచిందెవరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. హన్మకొండలో మేం అద్దెకున్న ఇంటి గురించి పక్కింటావిడ గుసగుసగా ఏదో చెప్పబోతే, "అయితే కిరాయి తగ్గిస్తరా?" అని నవ్వేశాను. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

నా భయాలు వేరే. మా పాప నిత్యకు నాలుగేళ్ళు. ఒకసారి జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి నిద్రలో కూడా దాని నుదురు తడుముతుంటాను. ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వెళ్ళి, ఊపిరి సరిగ్గా తీస్తోందో లేదో చూసి వచ్చాను.

మూడేళ్ళ క్రితం అమ్మ గుండెపోటుతో పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని. పొద్దున్నే ఖిలా వరంగల్ మట్టికోట వెంట నడవడం మొదలుపెట్టాను. నడక పరుగైంది. "పోలీసు సెలక్షన్లకా బిడ్డా?" అని పాలు పోసే పెద్దాయన అడిగేవాడు. హైదరాబాద్‌లో ఒక మారథాన్‌లో పరిగెత్తాను. ఆ తర్వాత విశాఖలో. నేను పరిగెత్తేది సగం దూరమే అయినా ఇంట్లో అందరూ మారథాన్ అనే అంటారు. ప్రతి రాష్ట్రంలోనూ ఒకటి పరిగెత్తాలన్న పిచ్చి అలా పట్టింది.

దానికి ఇంకో కారణం కూడా ఉంది. అమ్మ వాళ్ళది నేత కుటుంబం. వరంగల్‌లో మిల్లు మూతపడ్డాక చుట్టాలంతా తలో దిక్కుకు పోయారు. ఎక్కడ పరుగు ఉంటే అక్కడ అమ్మ తరఫు వాళ్ళు ఎవరున్నారో వెతికి, ఒక పూట వాళ్ళింట్లో గడిపేదాన్ని. సూరత్‌లో అమ్మ చిన్ననాటి సంగతులు ఒకావిడ చెబితే, బెంగళూరులో అమ్మ పెళ్ళిఫొటో దొరికింది. బతికున్నప్పుడు అమ్మను ఇవేవీ అడగలేదు.

మహారాష్ట్ర వంతు వచ్చేసరికి మాత్రం నాకు భయం వేసింది. షోలాపూర్‌లో అమ్మకు సొంత అన్న ఉన్నాడు. సత్యం మామ.

అమ్మకూ ఆయనకూ ఇరవై ఏళ్ళ పైనుంచి మాటల్లేవు. అమ్మమ్మ చనిపోయింది మామ ఇంట్లోనే. అమ్మ వరంగల్ నుంచి బస్సులు మారి వెళ్ళేసరికే దహనం చేసేశారు. కన్నతల్లి ముఖం చూడనివ్వలేదని అమ్మ గడప బయటే నిలబడి ఏడ్చి, "సచ్చినా మీ గడప తొక్కను" అని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా బస్టాండు దాకా నడిచి వెళ్ళిపోయింది.

వెళ్ళే ముందు రాజమణి అత్తకు, అంటే మామ భార్యకు, ఫోన్ చేశాను. అత్త సంతోషించి, తర్వాత గొంతు తగ్గించింది. అమ్మ చనిపోయిన వారంలోనే మామకు పక్షవాతం వచ్చిందట. ఆ స్థితిలో చెప్పలేక ఆగారు. ఆగింది ఆగినట్టే ఉండిపోయింది. "చెల్లె ఎప్పుడొస్తది అని రోజు అడుగుతడు బిడ్డా. నువ్వు నోరు జారకు. ఆ మనిషి తట్టుకోడు."

పరుగు అయ్యాక స్నానం చేసి, చీర కట్టుకుని వస్తానని చెప్పాను. ముందురోజు లాడ్జిలో దిగాను.

ఇక్కడొకటి చెప్పాలి. ఛాతీ మీద పిన్నులతో పెట్టుకునే నంబరు కాగితం వెనక ఒక చిప్ అంటించి ఉంటుంది. దారిలో అక్కడక్కడ పరిచిన చాపల మీదుగా వెళ్ళినప్పుడు, మనం దాటినట్టు అది నమోదు చేస్తుంది. ఇంట్లోవాళ్ళు ఫోన్లో చూడొచ్చు. నా ఫోన్ మాత్రం లాడ్జిలోనే వదిలేస్తాను. దగ్గరుంటే పరిగెత్తకుండా పాపకు ఫోన్లు చేస్తూ కూర్చుంటానని మా ఆయన పెట్టిన షరతు అది.

సగం దాకా బాగానే పరిగెత్తాను. తెలుగు మాటలు వినిపించే ఒక గల్లీ రోడ్డులో కలిసే మొగలో, పసుపు కుంకుమ పళ్ళెం పట్టుకుని రోడ్డుకు అడ్డంగా ఒకావిడ నిలబడి ఉంది. ఫోన్లో పంపిన ఫొటో వల్ల గుర్తుపట్టాను. రాజమణి అత్త.

"ఆగవే స్వాతీ! ఇంటి ఆడబిడ్డవు, మా మొగల్నుంచి ఉరుక్కుంట పోతవా?"

"అత్తా, రన్ అయినంక వస్త అన్న కదా!"

"మీ అమ్మ గిట్లనే పోయింది గడప తొక్కకుండ. నువ్వు గూడ పోతవా? జర ఒక్క నిమిషం రా. అయ్యో, నిక్కరు మీదనే ఉన్నవా! సరే పా, చీర ఇస్త."

చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. గడప పక్కన మంచం మీద మామ ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన ఎడమ కన్నులోంచి నీళ్ళు కారాయి. ఒక్క నిమిషం అనుకున్న నేను ఆ ముఖం చూశాక కదల్లేకపోయాను. పరుగు అక్కడితో వదిలేశాను.

ఒడిబియ్యం పోయాలని మామ పట్టుబట్టాడు. మా వైపు పుట్టింటివాళ్ళు ఆడపిల్ల ఒడిలో పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రవికె గుడ్డ పోస్తారు. అమ్మకు ఇరవై ఏళ్ళుగా ఎవరూ పోయలేదు. అత్త నా పరుగు బట్టల మీదే చీర చుట్టింది. నంబరు కాగితం లోపల టీషర్టు మీద అలాగే ఉంది. తూర్పు ముఖంగా పీట మీద, వీధికి వీపు పెట్టి కూర్చున్నాను. ఒళ్ళో బియ్యం పడ్డాక ముడి వేసేదాకా లేవకూడదు, వెనక్కి తిరగకూడదు.

అత్త, ఇంకో నలుగురు ఆడవాళ్ళు దోసిళ్ళతో పోస్తున్నారు. అప్పుడు మామ అడిగాడు. మాట ముద్దగా ఉన్నా అర్థమైంది.

"చెల్లె రాలే?"

అత్త చేతిలో బియ్యం ఆగిపోయింది. నేను ఆలోచించలేదు. నోటికి వచ్చింది చెప్పేశాను.

"వచ్చింది మామా. కోపం ఇంక పోలే. ఇంట్లకు రానన్నది. ఈ రోడ్డు మీదనే ముందలికి నడుసుకుంట పోయింది."

మామ నవ్వాడు. "అట్లనే చేస్తది. మొండిది." మంచాన్ని వీధి వైపు తిప్పమన్నాడు. పక్కింటివాళ్ళు తిప్పారు. కాసేపటికి ఆయన బాగున్న చెయ్యి ఒకసారి పైకెత్తాడని అత్త తర్వాత చెప్పింది. రోడ్డు మీద అప్పటికి ఆలస్యంగా పరిగెత్తేవాళ్ళు ఇంకా పోతున్నారు. వాళ్ళకే అయి ఉండాలి. నా వీపు అటు ఉంది. చూడలేదు.

చెల్లెలికీ ఒడిబియ్యం కట్టమన్నాడు మామ. అత్త ఆయనకు కనబడకుండా అటు తిరిగి, పసుపు కలపని తెల్లబియ్యం మూటకట్టి నాకిచ్చింది. చచ్చిపోయిన మనిషికి పసుపు బియ్యం ఎలా కడుతుంది? ఆ మూట ఇంటికి తెచ్చే ధైర్యం నాకూ లేకపోయింది. తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర ఒక ముసలామెకు ఇచ్చేశాను.

అన్నం తిన్నాక అత్త ఫోన్ తీసుకుని ఇంటికి చేశాను. పాప గురించి అడిగేలోపే మా ఆయన అందుకున్నాడు.

"ఏమైందే, కాలు పట్టిందా? సగం నుంచి నడుసుకుంటనే పోయినవ్. అయినా పూర్తి చేసినవ్ పో, మస్తు."

పక్కనుంచి నిత్య అరిచింది. "అమ్మా, నువ్వు మెల్లగ పోయినవ్, నేను చూసిన!"

నాకు ఏమీ అర్థం కాలేదు. లాడ్జికి వెళ్ళి నా ఫోన్లో చూసుకున్నాను. మామ ఇంటి గల్లీ దాకా నా వేగం మామూలుగానే ఉంది. ఆ తర్వాత మనిషి నడిచే వేగం. ప్రతి చాపా దాటినట్టు ఉంది. చివరి గీత కూడా. ఆ సమయమంతా నేను మామ ఇంట్లో పీట మీదా, విస్తరి ముందూ కూర్చుని ఉన్నాను. చిప్ నా చీర కింద ఉంది. ఊడిపోయిందేమో అని కాగితం తిప్పి చూశాను. అంటించి ఉన్నది అంటించినట్టే ఉంది.

నిర్వాహకులకు రాశాను. రెండు చిప్‌లకు ఒకే నంబరు పడిందేమో చూడమన్నాను. అలాంటిదేమీ లేదని, నమోదు సరిగ్గానే ఉందని జవాబు వచ్చింది. ఫొటోలు వెతికాను. గల్లీకి ముందు నావి మూడు ఉన్నాయి. తర్వాత ఒక్కటీ లేదు. చివర్లో వచ్చేవాళ్ళకు ఫొటోలు తీయకపోవడం మామూలే, కాబట్టి దాన్ని సాక్ష్యం అనలేను. యంత్రాలు తప్పు చేస్తాయి. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. కానీ ఆ తప్పు సరిగ్గా నా నోటి నుంచి వచ్చిన మాటలాగే ఎందుకు జరగాలి?

ఆ తర్వాత కూడా పరుగులకు వెళ్ళాను. ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఇంట్లో కూర్చుంటే ఇంకా ఎక్కువ గుబులుగా ఉంటోంది. నేను ఎక్కడున్నానో ఫోన్లో చూడొద్దని మాత్రం మా ఆయనకు చెప్పాను.

వానలు మొదలైనప్పుడు మామ పోయాడు. నిద్రలోనే. దినాలకు వెళ్ళాను. అందరూ భోజనాలకు లేచాక అత్త నన్ను పక్కకు పిలిచింది. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవాలని అడిగింది.

"చెల్లె వచ్చిపోయిందన్న నిమ్మళంతోనే పోయిండు బిడ్డా. నీకు దండం పెడుత. కాని గంత పెద్ద అబద్ధం, గంత నిబ్బరంగ ఎట్ల చెప్పినవే?"

అబద్ధమే అత్తా అని ఒప్పుకుందామంటే, చివరి గీత దాటిన ఆ నడక నా నంబరు మీదే నమోదై ఉంది. అబద్ధం కాదు అందామంటే, కాళేశ్వరంలో మా అమ్మ అస్థికలు నీళ్ళలో కలిపినప్పుడు ఆ కుండ పట్టుకున్న చేతుల్లో రెండు నావే.